జెండా దించిన తర్వాత

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. మనల్ని పుట్టించినవాడు, ఈ నేలను మనకు నివాసంగా చేసినవాడు, ఒకరి గుమ్మం పక్కన మరొకరి గుమ్మం ఉండేలా మనల్ని ఇరుగుపొరుగులుగా బ్రతికిస్తున్నవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతీ శుభాలు కురియుగాక. అమ్మా బాద్.

ధర్మ సోదరులారా! పెద్దలారా! పరదా వెనుక నుంచి వింటున్న తల్లులారా, చెల్లెళ్లారా!

ఈ సంవత్సరం ఆగస్టు 15 శుక్రవారం నాడే వచ్చింది. ఉదయం ఎనిమిది గంటలకు మదరసా ఆవరణలో జెండా ఎగురవేశాం. పిల్లలు జాతీయ గీతం పాడారు. ముతవల్లీ గారు మిఠాయిలు పంచారు. మధ్యాహ్నం ఇదే మింబర్ పక్కన నిలబడి మేము దేశభక్తి గురించి బయాన్ చేశాం. విన్నవారు బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఈనాడు ఆ బయానులో మిగిలిపోయిన సగం చెప్పడానికి మీ ముందుకు వచ్చాం. ఎందుకంటే ఆనాడు మేము చెప్పింది సగమేనని అదే సాయంత్రం ఒక ఇల్లాలు మాకు తెలియజేసింది.

మన మస్జిదు సందు ఎంత వెడల్పో మీకు తెలుసు. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిందే. ఆ మధ్యాహ్నం సందు మొగ నుంచి మస్జిదు గేటు దాకా మోటారు సైకిళ్లు రెండు వరుసలుగా నిలిచాయి. చాలా బండ్ల హ్యాండిళ్లకు చిన్న చిన్న జెండాలు కట్టి ఉన్నాయి. సందు చివరి ఇంట్లో ఒక పెద్దాయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఆయన మన మతస్థుడు కాడు, ముప్పై ఏళ్లుగా మన పొరుగువాడు. కొడుకు ఆటో పిలిపించాడు. ఆటో ఇంటి దాకా రాలేకపోయింది. పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోదామంటే, బండ్ల మధ్య కుర్చీ పట్టేంత సందు కూడా లేదు. జమాఅత్ ముగిసి, మన వాళ్లు బయటికి వచ్చి, మొదటి బండి కదిలే వరకు వారు తమ గుమ్మంలోనే నిలబడ్డారు.

అల్లాహ్ దయతో ఆయన బ్రతికారు. ఇంకొంచెం ముందు తీసుకువచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు గారు వారితో అన్నారట. సాయంత్రం మేము ఆసుపత్రికి వెళ్లి పలకరించాం. ఆ ఇల్లాలు మమ్మల్ని ఒక్క పరుషమైన మాట అనలేదు. "నమాజు మధ్యలో కేకలు వేయడం తప్పు కదా సాయిబు గారూ, అందుకే ఆగాం" అన్నారు.

సోదరులారా! ఆమె నాలుగు మాటలు తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది. మన ఆరాధనకు ఆమె అంత గౌరవం ఇచ్చింది, ఆమె గుమ్మం ముందరి దారికి మనం ఏ గౌరవమూ ఇవ్వలేదు. మరో విషయం కూడా దాచకుండా చెప్పాలి. ఆనాడు బయాన్ ఒంటిగంట ఇరవైకి ముగియాలి. దేశభక్తి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ మేము మరో పన్నెండు నిమిషాలు పొడిగించాం. ఆ పన్నెండు నిమిషాల లెక్క మా ఖాతాలో ఉంది. ఆ దంపతులను క్షమాపణ అడిగాం, వారు క్షమించారు. బండ్లు నిలిపినవారిలో మాత్రం ఈ రోజు వరకు ఎవరూ ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఆమెకు మేము ఇచ్చిన జవాబు మీకూ తెలియాలి. నీళ్లలో మునుగుతున్నవాడో, మంటల్లో చిక్కినవాడో, ప్రాణాపాయంలో ఉన్న మరెవరో సహాయం కోసం పిలిస్తే, నమాజులో ఉన్నవాడు నమాజు ఆపి వెళ్లాలని మన ఫిఖహ్ గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి. అలా ఆపడం అనుమతి మాత్రమే కాదు, కాపాడగలిగినవాడికి అది విధి. పిలిచినవాడి మతం ఏమిటని ఆ గ్రంథాలు అడగలేదు. అమ్మా, ఇక ముందు ఇలాంటి కష్టం వస్తే గట్టిగా పిలవండి, తలుపు కొట్టండి, ఇమామును పేరు పెట్టి పిలిచినా సరేనని ఆమెకు చెప్పి వచ్చాం. పిలవవలసిన అవసరమే రాకుండా చూసుకోవడం మన పని.

ఒక సమావేశంలో వీధుల్లో కూర్చుంటున్న తమ సహచరులను దైవప్రవక్త (స) వారించారు. మాకు అది తప్పదని వారు మనవి చేసుకుంటే, అలాగైతే దారికి దాని హక్కు ఇవ్వండని ఆదేశించారు. ఆ హక్కు ఏమిటని అడిగినప్పుడు చూపు దించుకోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ప్రోత్సహించి చెడును వారించడం అని చెబుతూ, వాటితోపాటే ఎవరికీ బాధ కలిగించకపోవడాన్ని కూడా చెప్పారు. దారికే హక్కు ఉందంటున్నారు, గమనించండి. దారిన పోయేవాడు ఎవరో, ఏ కులంవాడో, ఎవరికి ఓటు వేస్తాడో తెలియకముందే ఆ హక్కు నిలిచి ఉంది. ఇతరుల స్థలాన్ని దౌర్జన్యంగా ఆక్రమించి అక్కడ చేసే నమాజు గురించి మన ఇమాములు ఎంత కఠినంగా మాట్లాడారో మదరసాలో చదివే చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. ఆక్రమించింది నమాజు చదివే స్థలమా, నమాజుకు వచ్చిన బండి నిలిపే స్థలమా అన్నది పొరుగువాడికి పెద్ద తేడా కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ బండ్లకు కట్టిన జెండాలు అబద్ధమా? కాదు. ఆ యువకులకు ఈ దేశం మీద ప్రేమ నిజంగానే ఉంది. పుట్టిన నేల మీద ప్రేమ మనిషి స్వభావంలో ఉన్నది. మక్కా విడిచి వెళ్లవలసి వచ్చినప్పుడు ప్రవక్త (స) ఆ పట్టణాన్ని ఉద్దేశించి ఎంత వేదనతో మాట్లాడారో హదీసు గ్రంథాల్లో ఉంది. మదీనాలో జ్వరపడిన హజ్రత్ బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డిని తలచుకుని పాడుకున్నారు. అయితే ఒక మాట. దేశప్రేమ ఈమానులో భాగమన్న ఒక వాక్యాన్ని జెండా పండుగ నాడు చాలామంది వక్తలు హదీసుగా చదువుతుంటారు. హదీసు పండితులు దానికి ఆధారం లేదని తేల్చారు. ప్రేమ మంచిదే గాని, ప్రవక్త చెప్పని మాటను ప్రవక్తకు అంటగట్టి నిరూపించవలసినంత నిరాధారమైనది కాదు. ఈమాను శాఖల్లో ఒకటిగా ప్రవక్త (స) నిజంగా చెప్పింది మరొకటి ఉంది, దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం. ఆధారం లేని వాక్యం మనకు కంఠస్థమైంది. ఆధారం ఉన్న ఆజ్ఞను ఆ శుక్రవారం మనం బండ్ల కింద తొక్కాం.

ఖైబర్ యుద్ధం ముగిశాక జరిగిన ఒక సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ప్రవక్త (స) సేవలో మిద్అమ్ అనే వ్యక్తి ఉండేవాడు. వాదిల్ ఖురా అనే చోట ప్రవక్త వారి ఒంటె మీది సామాను దించుతుండగా ఎక్కడి నుంచో వచ్చిన బాణం తగిలి మరణించాడు. యుద్ధ ప్రయాణం, ప్రవక్త సేవ, శత్రువు బాణం, ఇంతకన్నా గొప్ప మరణం ఏముంటుంది? ప్రజలు అతనికి స్వర్గం శుభం కలగాలన్నారు. ప్రవక్త (స) అల్లాహ్ మీద ప్రమాణం చేసి వారిని వారించారు. ఖైబరులో సొత్తు పంచకముందే అతను తీసుకున్న ఒక దుప్పటి అతని మీద అగ్నిగా మండుతోందని చెప్పారు. అది విన్న ఒక మనిషి గబగబా వెళ్లి ఒకటో రెండో చెప్పుల వారులు తెచ్చి అప్పగించాడు. అవి కూడా నిప్పు వారులేనని ప్రవక్త (స) అన్నారు.

ఆ దుప్పటి ఏ ఒక్కరిదీ కాదు. ఇంకా పంచలేదు కనుక అది అందరిదీ. అందరిదీ కనుక ఎవరిదీ కాదనిపించి ఉంటుంది మిద్అముకు. మనకూ అలాగే అనిపిస్తుంది. సోదరులారా, ఇక్కడే భయపడవలసిన సంగతి ఒకటి ఉంది. తోటి మనిషి హక్కును కాజేసినవాడు ఆ మనిషి చేత క్షమింపబడాలని మనం నమ్ముతాం. ఒకరి సొమ్ము తింటే ప్రళయ దినాన ఒకరు మన చెయ్యి పట్టుకుంటారు. వెతికి, బ్రతిమాలి, ఈ లోకంలోనే ఆ ఒక్కరి చేత క్షమాపణ పొందవచ్చు. కరెంటు తీగకు కొక్కెం తగిలించినవాడు ఎవరి ఇంటికి వెళ్లి క్షమాపణ అడుగుతాడు? ఆ నష్టం బిల్లు కట్టే ప్రతి ఇంటి మీదా పడింది. హిందువు, క్రైస్తవుడు, ముస్లిం, కూలి చేసుకునే వితంతువు, అందరూ హక్కుదారులే. నమాజులు, రోజాలు, జకాత్ మూటగట్టుకుని వచ్చి, వాటిని హక్కుదారులకు పంచిపెట్టి చివరికి ఖాళీ చేతులతో నిలిచే దివాలాకోరు గురించి ప్రవక్త (స) హెచ్చరించారు. హక్కుదారులు లక్షల్లో ఉంటే మన నమాజులు ఎంతమందికి సరిపోతాయి?

మునిసిపల్ కుళాయి సంగతి చూడండి. ఉదయం గంటసేపు నీళ్లు వస్తాయి. ఎత్తు మీద ఉన్న మూడు నాలుగు ఇళ్లవారు పైపుకు మోటారు బిగిస్తారు. వారి ట్యాంకులు పది నిమిషాల్లో నిండుతాయి. లైను చివర ఉన్న ఇళ్లలో కుళాయి గాలి మాత్రమే ఊదుతుంది. అక్కడి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని బోరింగు దగ్గరికి పోతారు. మోటారు బిగించినవాడు ఆ నీళ్లతోనే వుజూ చేసి, ఫజర్ నమాజుకు మొదటి సఫ్‌లో నిలబడతాడు. దైవప్రవక్త (స) చాలా కొద్ది నీటితో వుజూ పూర్తి చేసేవారు. మన మస్జిదు వుజూఖానాలో కుళాయి తిప్పి, టోపీ సర్దుకుని, పక్కవాడితో రెండు మాటలు మాట్లాడి, ఆ తర్వాత చెయ్యి కింద పెట్టేవారున్నారు. ఇందులో పెద్దవారే ఎక్కువ అని కూడా చెప్పక తప్పదు, పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటున్నారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగింది. మన ఊరి యువకులు కూడా భోజనం పొట్లాలు, మంచినీళ్ల సీసాలు తీసుకుని వెళ్లారు, నడుము లోతు నీళ్లలో తిరిగారు. ఆ సేవను అల్లాహ్ స్వీకరించుగాక. వాగు కట్టకు గండ్లు పడ్డాయి, వాన విపరీతంగా కురిసింది, నిజమే. ఏళ్ల తరబడి వాగు గర్భంలోకి పాకిన ఆక్రమణలు, పూడిక కూడా నీటి నడకను బిగించాయి. తిరిగి వచ్చిన అదే కుర్రవాళ్లను మేము మొన్న బక్రీదు మర్నాడు చూశాం. ఖుర్బానీ పేగులు, రక్తం నిండిన సంచులు మన వీధి డ్రైనేజీలో పడి ఉంటే దాటుకుని వెళ్లారు. వరద వస్తే ఈదడానికి సిద్ధంగా ఉన్నాం. వరద రాకుండా కాలువలో చెత్త వేయకపోవడానికి ఇంకా సిద్ధం కాలేదు. మనుషులు నడిచే దారిలో, వారు ఆగే నీడలో మలినం వదిలేవాడు శాపానికి గురవుతాడని ప్రవక్త (స) చెప్పిన మాట మింబరు మీద చదివినప్పుడు తల ఊపుతాం, బయటికి వెళ్లాక ఆ సంచి ఎవరిదో మనకు తెలియదు.

కొందరు మాతో వేరే బాధ చెప్పుకుంటారు. హజ్రత్, మన దేశభక్తిని ఎవరో ఒకరు ఎప్పుడూ ప్రశ్నిస్తూనే ఉంటారు, అందుకే జెండా పండుగ ఘనంగా చేయాలి, ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టాలి అంటారు. ఆ నొప్పి మాకు తెలుసు, మేమూ అనుభవించాం. కానీ మనుషులకు చూపించడం కోసం చేసిన పనిని ఇస్లాం రియా అంటుంది. అనుమానించేవాడి కోసం ఏడాదికి రెండు సార్లు జెండా పట్టుకునేవాడు, అనుమానించేవాడు చూడని మిగతా మూడువందల అరవై మూడు రోజులు ఏం చేస్తాడు? పైగా అనుమానం ఫోటోతో తీరదు. మన పొరుగింటి పెద్దాయనకు మన మదరసా జెండా ఫోటో ఎవరూ పంపనక్కరలేదు, ముప్పై ఏళ్లుగా ఆయన మన వీధిలోనే ఉన్నారు. మన సంగతి ఆయనకు దారిని బట్టి తెలుస్తుంది.

మన గడ్డ మీదే ఇందుకు ఉదాహరణ ఉంది. 1948 ఆగస్టులో హైదరాబాదు సంస్థానం ఎటు పోతుందో తెలియని రోజుల్లో షోయబుల్లా ఖాన్ అనే ముప్పై ఏళ్లు కూడా నిండని సంపాదకుడు ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక నడిపేవాడు. సంస్థానం భారత యూనియనులో కలవాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని రాశాడు. బెదిరింపులు వచ్చినా మర్నాటి సంచికకు రాయవలసింది రాశాడు. ఒక రాత్రి ఇంటికి వెళుతుండగా కాల్చి, రాసే చేతిని నరికారు. ఆయన పండుగ రోజుల దేశభక్తుడు కాడు. అప్పటికి ఆ ఊళ్లో జరుపుకోవడానికి అలాంటి పండుగే లేదు. ప్రతి రాత్రీ కూర్చుని చేసే తన మామూలు పనిలో అబద్ధం రానివ్వలేదు, అంతే. మనలో ఎవరినీ అల్లాహ్ అంతటి పరీక్షకు గురిచేయకుండా కాపాడుగాక. మనకు వచ్చిన పరీక్ష చాలా చిన్నది. బండిని పది గజాల దూరంలో నిలిపి నడిచి రావడం.

రాజ్యాంగంలో హక్కులున్నాయని మనం తరచూ గుర్తు చేస్తాం, చేయాలి కూడా. అదే రాజ్యాంగంలో 51ఎ అధికరణం కింద పౌరుల విధులు కూడా ఉన్నాయి. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చారు. ప్రజల ఆస్తిని కాపాడటం వాటిలో ఒకటి. 2002లో మరొక విధిని కలిపారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు తల్లిదండ్రులు చదువుకునే అవకాశం కల్పించాలి. సోదరులారా, పోయిన శుక్రవారం మన ఆవరణలో జెండాకు వందనం చేసిన ఒక తండ్రి తన పదకొండేళ్ల కొడుకును మెకానిక్ షెడ్డులో పెట్టాడని మాకు తెలుసు. ఆయన పేరు చెప్పం. అప్పులున్నాయని కూడా తెలుసు. నమాజు తర్వాత మా గదికి రండి. బైతుల్ మాల్ కమిటీతో ఇప్పటికే మాట్లాడాం, పిల్లవాడి పుస్తకాల ఖర్చు, ఇంటికి కొంత బియ్యం ఏర్పాటు చేస్తాం. వాడు సోమవారం బడిలో ఉండాలి.

మీసాలు కూడా మొలవని కుర్రవాళ్లకు బండి తాళాలు ఇచ్చే తండ్రులకూ ఒక మాట. ఆ రోజున ముగ్గురేసి ఎక్కి, జెండా ఊపుతూ, హారను మోగిస్తూ బజారంతా తిరిగింది వీళ్లే. మైనరు బండి నడిపితే బండి యజమానికి, సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, పాతికవేల రూపాయల జరిమానా విధించవచ్చునని 2019 సవరణ చెబుతోంది. జరిమానా కట్టగలరు. ఆ బండి కింద ఎవరి బిడ్డయినా పడితే కట్టడానికి మన దగ్గర ఏముంది?

కొద్ది రోజుల్లో రబీవుల్ అవ్వల్ నెల ప్రవేశిస్తుంది. మన వీధులు మళ్లీ జెండాలతో, దీపాలతో నిండుతాయి. ఆ వేడుకల విషయంలో పండితుల మధ్య ఉన్న చర్చలోకి మేము ఇప్పుడు పోవడం లేదు. దీపాలు పెట్టేవారిని ఒక్కటే అడుగుతున్నాం, మీటరు ఉన్న కనెక్షను తీసుకోండి. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మతుల్లాహ్ అలైహ్) గురించి చరిత్రకారులు ఒక సంగతి చెబుతారు. ప్రభుత్వ పని ముగిసి సొంత విషయాలు మాట్లాడే వేళకు ప్రజల సొమ్ముతో వెలుగుతున్న దీపాన్ని ఆర్పి, తన సొంత దీపం వెలిగించుకునేవారట. ప్రవక్త పేరిట దొంగ వెలుతురు వెలిగించడానికి మనకు మనసెలా ఒప్పుతుంది?

ఇక జెండాల సంగతి. ఈ ఉదయం ఫజర్ తర్వాత మదరసా పిల్లలు సందంతా తిరిగి కాగితం జెండాలు, ప్లాస్టిక్ జెండాలు ఏరుకొచ్చారు. కొన్ని కాలువలో ఉన్నాయి, కొన్ని టైర్ల కింద నలిగాయి. ప్లాస్టిక్ జెండాల వాడకాన్ని 2022 జూలై 1 నుంచి ప్రభుత్వం నిషేధించింది, అయినా కొన్నాం. కాగితం జెండాలను నేల మీద పారేయకూడదని, గౌరవంగా, నలుగురి కంట పడకుండా తొలగించాలని జెండా నియమావళి చెబుతుంది. ఖుర్ఆన్ చిరిగిన పుటలను మనం పెట్టెలో భద్రపరుస్తాం. ఆ పవిత్రత వేరు, దానికీ దీనికీ పోలిక తేవడం లేదు. పాడైన కాగితాన్ని కూడా మర్యాదగా చూసే అలవాటు మన చేతులకు ముందే ఉందని మాత్రం అంటున్నాం. వుజూఖానా పక్కన ఒక పెట్టె ఉంచాం, మీ ఇళ్లలో మిగిలిన జెండాలు అందులో వేయండి.

వచ్చే శుక్రవారం నుంచి సందులో ఒక్క బండి కూడా నిలపరాదని కమిటీ తీర్మానించింది. సందు మొగలో ఉన్న ఖాళీ స్థలం యజమాని, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలపాటు వాడుకోమని అనుమతి ఇచ్చారు. ఆయన కూడా మన మతస్థుడు కాడు. ఇద్దరు వాలంటీర్లు అక్కడ ఉంటారు, వారు జమాఅత్ ముగిసే వరకు బయటే నిలబడి తర్వాత లోపల జుహర్ చదువుకుంటారు. వంతులవారీగా పేర్లు రాసుకుంటున్నాం, మొదటి వారం మా పెద్దబ్బాయి నిలబడతాడు. బయాన్ సరిగ్గా ఒంటిగంట ఇరవైకి ముగుస్తుంది. పొడిగిస్తే ముఅజ్జిన్ సాబ్ మైకు ఆపేయాలని మేమే చెప్పాం.

ఇప్పుడు ఒంటిగంట పద్దెనిమిది అయింది. పెద్దాయన నిన్న ఇంటికి వచ్చారు. అసర్ తర్వాత మేము ఆయనను చూడటానికి వెళుతున్నాం, ఆ రోజు బండ్లు నిలిపినవారు మాతో రావచ్చు. అల్లాహ్ ఆయనకు పూర్తి ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.

మేము లోపలికి వచ్చేటప్పుడు ఆ ఇంటి గుమ్మానికి ఎదురుగా ఒక నల్ల రంగు బండి నిలిపి ఉంది. అది ఎవరిదో వారు ముందు వెళ్లి తీసి రండి. అరబీ ఖుత్బా మొదలుపెట్టకుండా వేచి ఉంటాం. మిగతావారు సున్నతులు చదువుకోండి.